డ్రైవరు ఏడుకొండలు ఎడమ పక్క అద్దం

నేను ఒక నల్ల ఫిల్మును. లోపలున్న వాళ్లు బయటికి కనపడకుండా కారు అద్దాలకు అంటిస్తారే, ఆ సరుకును. కొందరు నన్ను కూలింగ్ పేపరంటారు, కొందరు సన్ ఫిల్మంటారు. కాగితంతో నాకు ఏ చుట్టరికమూ లేదు, నేను ప్లాస్టిక్కు జాతిదాన్ని. పేరు ఏదైనా పెట్టుకోండి గానీ చిన్నచూపు మాత్రం చూడొద్దు. మీరు దాచుకోవాలనుకున్నదాన్ని దాచిపెట్టడం నా వృత్తి. దాచదగ్గదా కాదా అని అడిగే అలవాటు నాకు లేదు.

పుట్టినప్పుడు నేను నల్లగా లేను. సముద్రం అవతల ఏదో దేశంలో, చేతులకు తొడుగులు వేసుకున్న మనుషులు నన్ను వేడి మరల మధ్య సాగదీసి, రంగులో ముంచి, ఆరబెట్టి, ఒక వైపు జిగురు పూసి, ఆ జిగురు మీద ఇంకో పలచటి పొర కప్పి, పొడవాటి గొట్టానికి చుట్టేశారు. తర్వాత ఓడెక్కాను, లారీ ఎక్కాను, చివరికి నరసరావుపేటలో మస్తాన్‌వలి దుకాణంలో గోడకు చేరబడ్డాను. ఒక పక్క సీటు కవర్లు, ఇంకో పక్క చెవులు చిల్లులు పడే హారన్లు. మా చుట్టలో నాకంటే ముందున్న ముక్కలు ఒక్కొక్కటే వెళ్లిపోయాయి. ఒకటి ఒక చోటా నాయకుడి బండికి పోయింది. ఇంకొకటి ఒక కుర్రాడి కారుకు పోయింది. తననెవరూ చూడకూడదని వాడి తాపత్రయం. పాపం, చూసే ఓపిక ఎవరికుందో వాడే చెప్పాలి.

నా వంతు ఒక మే నెల మధ్యాహ్నం వచ్చింది. ఎండకు వీధిలో పురుగు లేదు. ఒక చిన్న తెల్ల కారు, చాలా పెద్ద మలుపు తీసుకుని, ఎదురుగా ఉన్న టీకొట్టు అరుగుదాకా వెళ్లి, అక్కణ్ణించి దుకాణం ముందుకొచ్చి ఆగింది. బస్సు తిప్పాల్సినంత చోటు తీసుకుంది ఆ కారు. ఎడమ పక్క కూర్చున్నాయన తలకూ మొహానికీ తువ్వాలు చుట్టుకుని ఉన్నాడు. స్టీరింగు ముందు ఉన్నది ఆయన భార్య. యాభై దాటిన మనిషి, నేత చీర, మోచేతిదాకా జరిపిన గాజులు, నుదుటి మీద చెమట. ఆయన పేరు ఏడుకొండలు, ఆవిడ పేరు సాంబ్రాజ్యం. వాళ్ల ఊరి పేరు చెబితే ఆయన నొచ్చుకుంటాడు. పల్నాడులో బస్సు డిపో ఉన్న ఒక ఊరనుకోండి.

"లోపలున్నది ఆడో మగో తెలవకూడదబ్బాయ్. అంత నల్లది వెయ్యి," అన్నాడు ఏడుకొండలు దిగకుండానే.

మస్తాన్‌వలి తల గోక్కున్నాడు. "వేస్తా అన్నా. కాకపోతే ఇది రూలుకు విరుద్ధం. పోలీసోళ్లు ఆపితే నడిరోడ్డు మీద పీకిచ్చి ఫైనేస్తారు. అప్పుడు నన్ననకూడదు."

"నాకు రూళ్లు చెప్పొద్దు. ముప్పై ఏళ్లు ఆర్టీసీలో స్టీరింగు తిప్పినోణ్ణి."

"మరి ఇప్పుడు అక్క నడుపుతుందే?" అని అడిగాడు మస్తాన్‌వలి అమాయకంగా.

ఏడుకొండలు తువ్వాలు ఇంకాస్త బిగించుకున్నాడు. సాంబ్రాజ్యమే చెప్పింది. "అదే బాబూ, అది కనపడకూడదనే ఈ నలుపు. నువ్వెయ్యి."

ఆ పూటే నన్ను కొలిచి, బ్లేడుతో కోసి, సబ్బునీళ్లు చల్లిన అద్దం మీద పరిచారు. రబ్బరు పట్టీతో రుద్ది నా కింద బుడగలు లేకుండా నీళ్లన్నీ బయటికి తోశాడు మస్తాన్‌వలి. ముందద్దం తప్ప అన్నిటికీ మా వాళ్లే. నాకు దక్కింది ఎడమ పక్క ముందు తలుపు, అంటే ఏడుకొండలు పక్కది. ఆయన భుజానికీ నాకూ మధ్య జానెడు దూరం కూడా ఉండదు.

కారులో కూర్చున్న మొగుడూ పెళ్లాలు అద్దాలకు చెవులుండవనుకుంటారు. అందుకని వాళ్ల సంగతంతా నాకు కొద్ది రోజుల్లోనే తెలిసిపోయింది. ఏడుకొండలుకు షుగరు కంటికి దిగింది. ఆర్టీసీలో డ్రైవర్లకు కళ్ల పరీక్ష ఉంటుంది. ఒక ఏడాది గోడ మీద బోర్డులో అక్షరాలు ముందే బట్టీపట్టి గట్టెక్కాడట. మరుసటి ఏడాదికి బోర్డు ఏ గోడకుందో కూడా సరిగా ఆనలేదు. పరీక్ష రోజు దగ్గరపడుతుండగా, ఇంక చాలు, మోకాళ్లు లాగుతున్నాయని చెప్పి స్వచ్ఛందంగా రిటైరైపోయాడు. డిపోలో దండలేశారు, ఫొటోలు దిగారు. కళ్ల సంగతి ఒక్కరికీ చెప్పలేదు. చెప్పకపోగా, కారు కొంటున్నాను, ఇకనుంచి నా ఇష్టమొచ్చిన చోటికి నేనే తోలుకుపోతానని పదిమందిలో అన్నాడు. ఆ మాట ఆయన మెడకు చుట్టుకుంది.

ఎడమ కన్ను ఎప్పుడో పోయింది. కుడి కంట్లో వెలుగు మిగలాలంటే నెలనెలా గుంటూరు ఆసుపత్రికి వెళ్లి కంట్లో ఇంజెక్షను చేయించుకోవాలి. ఇలా తప్పుతూ పోతే ఉన్నది కూడా పోతుందని డాక్టరు మొహం మీదే చెప్పాడు. బస్సుకు పాసుంది, వెళ్లొచ్చు. కానీ తన చేతి కింద పని నేర్చుకున్న కుర్రాళ్లు తోలే బస్సులో, మెట్టు కోసం కాలితో తడుముకుంటూ ఎక్కడమా? చచ్చినా ఎక్కనన్నాడు. టాక్సీ మాట్లాడదామంటే ఇంకో డ్రైవరు పక్కన కూర్చోవడం నామోషీ. కూతురు ఒంగోలులో కాపరం చేసుకుంటోంది, ఫోనులో "నాన్నా, వెళ్లు నాన్నా" అని బతిమాలడం తప్ప ఏం చేయగలదు?

అలా రెండు నెలలు వాయిదాలు పడ్డాక సాంబ్రాజ్యం ఒక రోజు వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి, "నాకు నేర్పు, నేను తోలతా," అంది. ఆయన నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. ఆ మొహం చూసి, అంటే చూసినంత మేర చూసి, ఆయన నవ్వు మానేశాడు.

నేర్పడమైతే నేర్పాడు. ఊరికి దూరంగా మిరపకాయలు ఎండబోసే కల్లాల పక్కన, తెల్లవారగానే. ఆవిడా నేర్చుకుంది, పరీక్ష పెడితే లైసెన్సూ తెచ్చుకుంది. కానీ ఆయనకు వచ్చింది బస్సు తోలడం. అందుకని ఆవిడకూ అదే వచ్చింది. మలుపులో కారు కూడా బస్సంత చోటు తీసుకుంటుంది. గుంత కనపడితే వెనక సీట్లో జనం లేస్తారేమోనన్నట్టు నెమ్మదిస్తుంది. అన్నిటికంటే తమాషా ఏమిటంటే, దారిలో ప్రతి బస్టాపు దగ్గరా ఆగుతుంది. ఆయనకు కళ్లు లేకపోయినా ఒళ్లంతా కళ్లే. కల్వర్టు కుదుపు, రైలు గేటు గతుకు, పొగాకు కాల్చే బేరన్ల వాసన, వీటిని బట్టి ఎక్కడున్నామో చెప్పేస్తాడు. "స్టాపొచ్చింది, ఎడమకు తియ్యి," అంటాడు. ఆవిడ తీస్తుంది. ఎక్కేవాడూ దిగేవాడూ లేడు. ఒక్క క్షణం ఆగి, కండక్టరు రైట్ రైట్ అన్నట్టు ఆయన డాష్‌బోర్డు మీద వేళ్లతో రెండుసార్లు తడితే మళ్లీ కదులుతుంది. ఇద్దరికీ ఇందులో విడ్డూరమేమీ కనపడలేదు.

నాకు మాత్రం ఆ స్టాపులు మహా సరదాగా ఉండేవి. బస్సు కోసం నిలబడ్డ జనం, నల్లటి అద్దం ఎదురుగా ఆగితే ఊరుకుంటారా? ఒకాయన వంగి నాలో మీసాలు దువ్వుకున్నాడు. ఒకావిడ పంట్లో ఇరుక్కున్న పీచు తీసుకుంది. ఒక కాలేజీ పిల్ల నవ్వు సాధన చేసింది, మొదటి రెండూ నచ్చక మూడోది ఖాయం చేసుకుంది. అవతల జానెడు దూరంలో ఒక మనిషి ఊపిరి బిగబట్టి కూర్చున్నాడని వాళ్లకు తెలియదు. తమను చూసేది ఇంచుమించు గుడ్డివాడని అసలే తెలియదు. మనుషులు తమ మొహం చూసుకునేటప్పుడు ఎంత మంచిగా ఉంటారో! ఒకరి మొహం ఒకరు చూసేటప్పుడు ఆ మంచితనమంతా ఎక్కడికి పోతుందో నాకు అర్థం కాదు.

ఏడుకొండలుకు నేనంటే ప్రాణం. ఇంట్లోంచి గుంటూరుకు వెళ్లి వచ్చేదాకా నన్ను అంగుళం కూడా దించనిచ్చేవాడు కాదు. డిపో ముందునుంచి పోయే దారి దగ్గరైనా, రైలు గేటు వైపునుంచి చుట్టు తిప్పించేవాడు. ఇంజెక్షన్లు పడ్డాయి. చూపు మెరుగవలేదు గానీ, ఉన్నది జారిపోకుండా నిలిచింది.

సాంబ్రాజ్యానికి మాత్రం మేము గిట్టలేదు. మధ్యాహ్నం ఎండలో పర్వాలేదు. మబ్బేసినా, పొద్దు వాలినా, పక్కల ఏముందో వెనకెవరున్నారో తెలిసేది కాదు. పక్క అద్దంలో చూడాలంటే ముందు మమ్మల్ని దాటి చూడాలి కదా. "ఏవయ్యా, నాకు సైడు కనపట్లా. ఈ మసి తీసేద్దాం," అని ఎన్నిసార్లన్నదో. "నా తలకాయ్ తీసెయ్ దానికంటే," అనేవాడాయన. ఆవిడ పళ్లు బిగించి, మెడ ముందుకు చాచి, పొయ్యి ఊదేటప్పుడు వంగినట్టు వంగి నడిపేది. ఆయన కంటికోసం ఆవిడ తన కళ్లను అవస్థపెట్టింది.

ఆ ఆగస్టులో ఒక సాయంత్రం, గుంటూరునుంచి వచ్చి ఇంటి గేట్లోకి కారు వెనక్కి పెట్టాలి. సన్నగా వాన పడి వెలిసింది, మబ్బు అలాగే ఉంది. ఏడుకొండలు తలుపు తీశాడు.

"యాడికి?" అంది సాంబ్రాజ్యం.

"వెనక మనిషి లేకుండా రివర్సు తీసుకోకూడదు."

ఆర్టీసీలో అది పద్ధతి. బస్సు వెనక్కి తీసేటప్పుడు కండక్టరు దిగి, వెనక నిలబడి, అరచేత్తో బస్సు ఒంటి మీద తడుతూ ఉంటాడు. తడుతున్నంతసేపూ రావచ్చు. తట్టడం ఆగితే ఆగిపోవాలి. డ్రైవరుకు కళ్లు వెనక ఉండవు, కండక్టరు చెయ్యే ఆయన కన్ను. ఆ నమ్మకం మీదే ముప్పై ఏళ్లు ఏడుకొండలు వెనక్కి తీశాడు. ఇప్పుడు తానే కండక్టరై డిక్కీ మీద చెయ్యేసి, "రా, రా, రానీ," అని తట్టడం మొదలెట్టాడు. ప్రహరీ గోడ తన వీపుకు ఎంత దూరంలో ఉందో ఆయనకు కనపడదు. ఆయన ఎక్కడున్నాడో మా వెనక నల్లద్దంలోంచి ఆవిడకు కనపడదు. తట్టే చెయ్యిని నమ్మి ఆవిడ తీసింది. తీసే మనిషిని నమ్మి ఆయన తట్టాడు.

తట్టడం ఆగింది. అదే క్షణం ఆవిడ బ్రేకు తొక్కింది. పద్ధతి నేర్చుకున్న మనిషి కాబట్టి తొక్కింది. లేకపోతే ఏమయ్యేదో చెప్పడానికి నాకే నోరు రావడం లేదు. కారుకూ గోడకూ మధ్య ఏడుకొండలు ఎడమ మోకాలు ఇరుక్కుంది.

ఆవిడ కారు ముందుకు తీసి, దిగి, పరుగెత్తి, ఆయన్ని గేటుకు ఆనించి కూర్చోబెట్టింది. ఎముక విరగలేదు, మోకాలు మాత్రం బూరెలా వాచిపోయింది. లోపలికి తీసుకెళ్లి కట్టు కట్టి, అన్నం కలిపి పెట్టి, ఆయన తిన్న కంచం కడిగింది. తానేమీ తినలేదు. తెరిచిన కిటికీలోంచి ఇదంతా నాకు కనపడింది.

మర్నాడు ఎండ బాగా ఎక్కేదాకా ఆగి, మా జిగురు మెత్తబడ్డాక, సబ్బునీళ్ల బకెట్టూ అట్లకాడా పట్టుకుని వచ్చింది. గోటితో మూల లేపి, అట్లకాడ దూర్చి, వెనకద్దం మీదినుంచి మా పెద్దక్కను ఒక్క లాగు లాగింది. తర్వాత కుడి పక్కవి, ఆ తర్వాత ఎడమ పక్క వెనకది. జిగురు మిగిలిన చోట అరచేత్తో రుద్దింది. అడ్డొచ్చిన గాజొకటి విరిగింది, తీసి అవతల పారేసింది. ఏడుకొండలు మంచం మీదినుంచి కుంటుకుంటూ గుమ్మందాకా వచ్చాడు.

"అది పీకితే నేను కారెక్కను. ముందే చెప్తన్నా."

"ఎక్కబాక."

"ఇంజెక్షను మానేస్తా."

"మానెయ్. నిన్న నిన్ను గోడకేసి నలిపేసేదాన్ని. నువ్వు పోతే నీ పరువుని నేనేం చేసుకోను, కూరొండుకోనా? నువ్వు కనపడకూడదని నాకు లోకమే కనపడకుండా చేశావు. నాకు కనపడాల. కనపడితేనే తోలతా."

 చెంగుతో మొహం తుడుచుకుని నా దగ్గరికొచ్చింది. అట్లకాడ నా మూలకు ఆనింది. నా పని అయిపోయిందనుకున్నాను. కానీ ఆవిడ చెయ్యి అక్కడే ఆగింది. చాలాసేపు ఆయన వంక చూసింది.

"ఇదుంచుతన్నా," అంది చివరికి. "ఇది నీ పక్కది. దాక్కోవాలంటే దాక్కో. ఎప్పుడు తియ్యాలో నువ్వే తీసుకో."

ఇంజెక్షను రోజు వచ్చింది. ఆయన స్నానం చేశాడు, చొక్కా వేసుకున్నాడు, మళ్లీ మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆవిడ రెండుసార్లు పిలిచింది. మూడోసారి పిలవలేదు. వెళ్లి కారులో కూర్చుని ఇంజను స్టార్టు చేసి, బస్టాండులోంచి బస్సు కదిలేముందు కొడతారే, ఆ పొడుగాటి హారను కొట్టింది. వీధంతా బయటికొచ్చింది. మెట్ల మీద బియ్యం ఏరుకుంటున్నావిడ చేట పక్కన పెట్టి లేచింది. ఇంకోసారి కొట్టింది. ఆయన రాలేదు. ఆవిడ గేరు వేసింది. కారు నిజంగానే కదిలింది, గేటు దాటింది, వీధిలోకి మళ్లింది. నేనూ బెదిరించడానికేననుకున్నాను. కాదు, ఆవిడ వెళ్లిపోతోంది.

ఏ డ్రైవరైనా ఒక్కటి మాత్రం తట్టుకోలేడు, తాను లేకుండా బండి టైముకు కదిలిపోవడం. ఏడుకొండలు చెప్పులు లేకుండా, కుంటుకుంటూ, తువ్వాలు కూడా మరిచిపోయి వీధిలోకొచ్చాడు.

"ఆపవే. ఆపు."

ఆవిడ ఆపింది. ఆయన తడుముకుని తలుపు తీసి ఎక్కాడు, ఆయాసపడుతూ నా వైపు తిరిగి కూర్చున్నాడు. "నేనొక్కదాన్నే పోయి ఏం చేసేదాన్నని పరిగెత్తుకొచ్చావు? నీ ఇంజెక్షను నేను పొడిపించుకుంటానా?" అంది ఆవిడ. ఆయన భుజాలు కదిలాయి. నవ్వాడో ఏడ్చాడో, మొహం దించుకున్నాడు కాబట్టి నేను చెప్పలేను.

ఆవిడ రైలు గేటు వైపు తిప్పలేదు. రెండు కుదుపులకే ఆయనకు తెలిసిపోయింది. "ఇటెందుకు తిప్పావు? డిపో ముందునుంచి వద్దన్నా గదా." "దగ్గరి దారుండగా చుట్టు తిరిగే ఓపిక నాకు లేదు," అంది. ఆయన సీట్లో కిందికి జారాడు. అంత పెద్ద మనిషి నా నల్లటి నీడలో తలకాయ కనపడకుండా ముడుచుకుపోవడం చూస్తే, నాకే నా బతుకు మీద చిరాకేసింది.

డిపో గేటు ఎదురుగా ఒక బస్సు బయటికొస్తోంది. దారివ్వడానికి ఆవిడ ఆపింది. ఆగింది సరిగ్గా స్టాపులోనే. అక్కడ డ్యూటీ దిగి టిక్కెట్ల మిషను సంచీ భుజాన వేసుకున్న ఒకాయన నిలబడి ఉన్నాడు. పేరు దానియేలు. ఏడుకొండలు బస్సులో ఏళ్ల తరబడి కండక్టరుగా చేసినవాడు, దండలేసినవాళ్లలో మొదటివాడు. ఆయన తిన్నగా వచ్చి వేలి కణుపులతో నా మీద తట్టాడు.

"వదినా, బాగున్నావా? అన్న బాగున్నాడా?" అన్నాడు నాకు అవతలున్న ఆవిడను ఉద్దేశించి.

ఇద్దరిలో ఎవరు జవాబు చెప్పాలి? ఆవిడ చెప్పొచ్చు. ఇంట్లో ఉన్నాడనీ చెప్పొచ్చు, ఇక్కడే ఉన్నాడనీ చెప్పొచ్చు. ఏదీ చెప్పలేదు. స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టుకుని రోడ్డు వైపే చూస్తూ కూర్చుంది. బస్సు వెళ్లిపోయింది. వెనకాల ఆటోవాడు హారను కొట్టాడు. ఆవిడ కదల్లేదు. ఆటోవాడు తిట్టుకుంటూ పక్కనుంచి పోయాడు. అయినా కదల్లేదు. ఆ నిమిషంలో నేను చూసినంత మొండితనం ఇంకెక్కడా చూడలేదు.

అప్పుడు ఏడుకొండలు చెయ్యి తలుపు మీద తడుముకుంది. అద్దం దించే పిడి దొరికింది. తిప్పాడు. నేను తలుపు కడుపులోకి దిగిపోయాను. లోపల చీకటి, ఇనుము వాసన. ఇక్కణ్ణించి నాకు మాటలే తప్ప మనుషులు కనపడరు.

"ఏరా దానియేలూ," అన్నాడు ఏడుకొండలు.

"అన్నా. ఇప్పటికి దించావా అద్దం."

"ఇప్పటికంటే?"

"నువ్వు ఈ పక్కన, వదిన ఆ పక్కన, మాకు కనపడతానే ఉంటిరి గదన్నా. పక్కద్దాలకేసుకుంటివి నలుపు. ముందద్దం తెల్లగానే ఉండె. ఎదురొచ్చేవాడికి ఏం అడ్డం?"

ముప్పై ఏళ్లు ముందద్దంలోంచి లోకాన్ని చూసిన మనిషికి, ఆ అద్దంలోంచి లోకం కూడా తనను చూస్తుందని ఒక్కసారీ తోచలేదు. తలుపు లోపల నాకే సిగ్గేసింది.

"తెలిసి, చెప్పలేదేంరా?"

"నువ్వు చెప్పుకోలేదని మేం అడగలా." దానియేలు గొంతు తగ్గింది. "అడగలేదు గానీ, మావాళ్లు బాధపడ్డారన్నా. ఎదురైన ప్రతి బండోడూ నీకు చెయ్యెత్తుతానే ఉన్నాడు. నువ్వు ఒక్కడికీ ఎత్తలా. మాణిక్యరావైతే, అన్నకు నా మీద ఏం కోపమో అని నన్ను పట్టుకుని అడిగాడు."

ఈ సంగతి నాకూ కొత్తే. ఎదురెదురుగా దాటుకునేటప్పుడు ఆర్టీసీ డ్రైవర్లు ఒకరికొకరు చెయ్యెత్తుకుంటారట. దండం కాదు, సెల్యూటూ కాదు, స్టీరింగు మీదినుంచి లేచే అరచెయ్యి. ఎదురు బస్సులు కుడి పక్కనుంచి పోతాయి, నేను ఎడమ పక్క దాన్ని, నాకెలా తెలుస్తుంది?

"అయ్యో, నాకోసమా అవి?" అంది సాంబ్రాజ్యం. "నన్ను పక్కకు తప్పుకోమంటన్నారేమో అనుకుని, నేను వాళ్లందర్నీ తిట్టుకుంటా పోయేదాన్ని."

ఏడుకొండలు అప్పుడు చెప్పాడు. చాలా మామూలుగా, టైము చెప్పినట్టు చెప్పాడు.

"నాకు కనపళ్లేదురా. ఒక కన్ను లేదు. రెండోది అయిపోతంది. ఆ మాట మాణిక్యానికి చెప్పు. కోపం కాదని చెప్పు."

తలుపు మీద ఒక అరచెయ్యి పడింది. దానియేలుది అనుకుంటాను. చాలాసేపు అక్కడే ఉంది. తర్వాత అదే చెయ్యి రెండుసార్లు గట్టిగా తలుపును తట్టింది. కారు కదిలింది.

ఆ రోజునుంచి నన్ను మళ్లీ పూర్తిగా పైకి ఎత్తలేదు. వానొస్తే సగం దాకా లేస్తాను, అంతే. ఎండ, దుమ్ము, మిరప ఘాటు, అన్నీ ఆయన మొహానికి కొడుతున్నా దించే ఉంచుతాడు. పోలీసులు ఆపినప్పుడు కూడా నేను కనపడను కాబట్టి ఫైను తప్పింది. వీధిలో నాలుగు రోజులు నవ్వుకున్నారు, ఐదో రోజున చేట పట్టుకున్నావిడ తననూ ఆసుపత్రి దాకా దింపమని అడిగింది. ఇంజెక్షన్లు ఒక్క నెల కూడా తప్పలేదు. కుడి కంట్లో వెలుగు మిగిలింది. మనిషి ఆకారం తెలుస్తుంది, మొహం తెలియదు. డాక్టరు అంతకంటే ఆశ పెట్టుకోవద్దన్నాడు. ఆయన పెట్టుకోలేదు, ఆవిడ వదలలేదు.

దారిలో బస్సు ఎదురైతే ఆవిడ "వచ్చింది, ఎత్తు," అంటుంది. చొక్కా చెయ్యి కదిలిన చప్పుడు నాకు వినపడుతుంది. ఒకసారి లారీని చూసి బస్సనుకుని ఎత్తించింది. లారీవాడు తబ్బిబ్బై హారను కొట్టుకుంటూ పోయాడట. ఆ సంగతి గుంటూరు వచ్చేదాకా చెప్పుకుని నవ్వుకున్నారు ఇద్దరూ.

మొన్నొక రోజు జరిగింది చెప్పి ఊరుకుంటాను. మాణిక్యరావు రిటైరవుతున్నాడని పొద్దున్నే దానియేలు వచ్చి ఏడుకొండలును డిపోకు తీసుకుపోయాడు. బస్సులోనే తీసుకుపోయాడు, చెయ్యి పట్టుకుని ఎక్కించి. మధ్యాహ్నం ఆయన్ని తీసుకురావడానికి సాంబ్రాజ్యం ఒక్కతే బయలుదేరింది. నా పక్క సీటు మీద బరువు లేదు. గతుకుల్లో సీటు ఉత్తగా ఎగురుతోంది.

డిపోకు పోయే దారి మలుపు దగ్గర దూరంనుంచి బస్సు ఇంజను వినపడింది. "వచ్చింది, ఎ..." అని, పక్క ఖాళీ అని గుర్తొచ్చి ఆవిడ ఆగిపోయింది. ఆయన లేని కారుకు ఎవరు చెయ్యెత్తుతారని నేనూ అనుకున్నాను. బస్సు దగ్గరికొచ్చింది, నెమ్మదించింది, చిన్నగా ఒక్క హారను కొట్టింది.

"నాకా ఎత్తాడు?" అంది ఆవిడ. మరుక్షణం ఆవిడ గాజులన్నీ గలగలమంటూ మణికట్టునుంచి మోచేతి దాకా జారాయి. బస్సు దాటిపోయింది. ఆవిడ గేరు మార్చింది.